మేస్త్రమ్మ గది ఎందుకు కురిసింది

మా పొలం ఇల్లు చూడడానికి వచ్చిన ప్రతి చుట్టానికీ మావాళ్లు మొదట బావి చూపించేవారు, తర్వాత వసారా, ఆ తర్వాత మధ్య గది. మధ్య గదిలో కాలు పెట్టగానే ఎవరో ఒకరు అనేవారు: "ఇది మేస్త్రమ్మ గది. వానకాలం ఇందుల పండుకుంటె పొద్దున మొగం కడుక్కునే పని లేదు."

చుట్టాలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నా భార్య కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మాట ఆమెకు చెప్పింది నేనే. పద్నాలుగేళ్లపాటు ఆ గది పైకప్పు కురిసింది, పద్నాలుగేళ్లపాటు ఆ తప్పు ఒక పనిమంతురాలి పేరు మీద నడిచింది. తప్పు ఆమెది కాదు, నాది. మా ఇంట్లోవాళ్లకు ఇప్పుడు తెలుసు. కానీ ఆ ఎగతాళి మా చుట్టాల వెంట జోగిపేట దాకా, జహీరాబాద్ దాకా పోయింది. అన్ని ఇళ్లకూ వెళ్లి చెప్పలేను కనక రాస్తున్నాను.

సంగారెడ్డి బజార్లో మాది ముందు దుకాణం, వెనక ఇల్లు. బెల్లం, చింతపండు, కందులు, అన్నిటికంటే ఎక్కువగా మిరపకాయలు. మిర్చి బస్తాలు దిగే నెలల్లో మా ఇంట్లో ఎవరూ ఒక పూర్తి వాక్యం మాట్లాడేవారు కాదు, మధ్యలో తుమ్ము వచ్చేది. అమ్మకైతే కళ్లు వాచిపోయేవి. దేవుడి దీపం వెలిగించబోయి తుమ్మి ఆర్పేసేది, మళ్లీ వెలిగించేది. వదిన పెద్ద వాకిలి ఉన్న ఇంటి నుంచి వచ్చింది. మా ఇంట్లో కాళ్లు చాపుకుంటే ఏదో ఒక బస్తాకు తగిలేవి.

మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, రుద్రారం దగ్గర పొలం కొన్నది అరవైల మొదట్లో. రోడ్డు నుంచి లోపలికి బండిబాట, చివర ఒక రాతి ఇల్లు. ఎవరు కట్టారో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మూడు గదులు, ముందు వసారా, మూరన్నర మందం గోడలు. ఎడమ గదిలో గడ్డి, కుడి గదిలో గబ్బిలాలు. మధ్య గదికి పైకప్పే లేదు, అందులో నాలుగు బర్రెలు ఆకాశం చూస్తూ నెమరు వేస్తుండేవి.

మేమంతా మొదటిసారి దాన్ని చూడడానికి పోయింది ఒక అమావాస్య నాడు. అమ్మకు అది నచ్చలేదు.

"అమాస నాడు ఎవరన్న ఊరు దాటుతరా?" అంది బండి ఎక్కుతూ.

"పున్నమ నాడు నన్నెవరు ఇడిసిపెడ్తరు?" అన్నాడు బాపు. "గంజు బందయ్యేది అమాసకే. నాకు సెలవిచ్చే దినాన్ని నువ్వు తిట్టకు."

నిజమే. మా బజారంతా అమావాస్యకే మూసేవారు. గంజులో, అంటే సరుకుల మార్కెట్లో, హర్రాజు ఉండదు, హమాలీలు మూట ఎత్తరు, తక్కెడ కిందికి దిగదు. మాకు పండగ పూట కూడా దుకాణమే. కాబట్టి మా ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికన్నా పోవాలంటే నెలకు ఆ ఒక్క రోజే.

ఆ రోజు వదిన బర్రెల్ని దాటుకుని ఇల్లంతా తిరిగింది, వచ్చి వసారా అరుగు మీద కూర్చుంది, రెండు కాళ్లూ బారుగా చాపింది. పొద్దు వాలుతున్నప్పుడు అన్న "ఇగ పోదాం పా" అంటే, "మీరు పోండి. నేను బర్రెల కాడ ఉంట" అంది. అన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆమె చేతిలో అన్నం ముద్ద పట్టుకుని ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నాడు బాపు.

"పొద్దుగాల నుంచి నేను ఒక్క తుమ్ము తుమ్మలే," అంది అమ్మ.

ఇల్లు బాగుచేయించాలని బాపు అప్పుడే నిశ్చయించాడు. పని చూసుకోవడానికి నన్ను పెట్టాడు. నేను పనిమంతుణ్ణని కాదు. నాకు ఇరవై నాలుగేళ్లు, దుకాణంలో నేను లేకపోతే నష్టం లేదు. బెల్లం ముద్ద పగలగొట్టమంటే చిల్లర ముక్కలు నా నోట్లోకి పోయేవి.

రాతిపని కోసం జిన్నారం వైపు నుంచి ఒక వడ్డెర గుంపు వచ్చింది. మేస్త్రి రాయి చెక్కడంలో దిట్ట, కానీ రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. గుంపును నడిపేది ఆయన భార్య. నలభై ఏళ్ల మనిషి, సన్నగా, నడుముకు కొంగు బిగించి, చేతిలో చిన్న సుత్తితో ఉండేది. అందరూ ఆమెను మేస్త్రమ్మ అనేవారు. వచ్చిన రోజు గోడ పొడుగునా సుత్తితో తడుతూ, చెవి ఆనించి వింటూ నడిచింది.

"ఏం జెప్తుంది గోడ?" అన్నాను వేళాకోళంగా.

"గోడ బాగనె ఉన్నది సిన్న సేటు. నీ కాళ్ల కింద తేలున్నది, జరుగు."

ఆ తర్వాతి ఆరు నెలలంత సంతోషంగా ఉన్న రోజులు నా జీవితంలో తక్కువ. గబ్బిలాలను పొగబెట్టి పంపించాం. పాత దూలాలు దించితే రెండు ఇంకా గట్టిగా ఉన్నాయి, వాటిని వసారాకు వాడాం. పొలంలోనే గుండ్రంగా కాలువ తవ్వి సున్నం గానుగ పెట్టారు. ఎద్దులు తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నం, ఇసుక వెన్నలా నలిగేవి. దాంట్లో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోయాలి. బెల్లం మా దుకాణంలో వానకు కారిపోయి అమ్మకానికి పనికిరానిది. బండి మీద కుండలకు కుండలు వచ్చేది. పొలంలో ఎక్కడెక్కడి చీమలూ వరస కట్టాయి. నేను గానుగ దగ్గరే తిరిగేవాణ్ణి.

"మిద్దెల కంటె నీ కడుపులకె ఎక్కువ పోతున్నది బెల్లం," అనేది మేస్త్రమ్మ. "నీకు పిల్లనిచ్చేటోళ్లు జెర ఆలోచన జెయ్యాలె. వానకు కరుగుతవు."

వదిన మధ్య గదికి తూర్పున పెద్ద కిటికీ కావాలంది. నేను ఆ మాట మేస్త్రమ్మకు చేరవేశాను. ఆమె గోడను రెండు రోజులు చూసి, ఎక్కడ కోస్తే పై రాళ్లు జారవో కనిపెట్టి, పొడుగాటి రాయి అడ్డం పెట్టి కిటికీ తీసింది. తర్వాతి అమావాస్యకు వదిన వచ్చి ఆ కిటికీలో ఎక్కి కూర్చుంది. "మా మరిది చేతుల పనితనం ఉన్నది," అంది. నేను కాదనలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేం అమావాస్యకే రాగలం. వడ్డెరవాళ్లు అమావాస్యకు పనిముట్టు ముట్టరు. సుత్తులు, ఉలులు కడిగి బొట్టుపెట్టి పక్కన పెడతారు, ఆ రోజు వాళ్ల గుడిసెల దగ్గరే ఉంటారు. అందువల్ల పని జరుగుతుండగా మా ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్లు వచ్చేసరికి గోడ లేచి ఉండేది, గోడ ముందు నేను నిలబడి ఉండేవాణ్ణి. ఎవరు చేశారని అడిగేవారు కాదు. నెల నెలా నేను కొంచెం కొంచెం పెద్ద మేస్త్రినైపోయాను.

మధ్య గది పైకప్పు అన్నిటికంటే పెద్ద పని. దూలాల మీద బండలు పరిచి, వాటి మీద ఇటుక ముక్కలు కలిపిన డంగు సున్నం రెండు పొరలుగా వేయాలి. ఒక్కో పొరను చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, చేతిలో వెడల్పాటి చెక్కలతో ఒకే తాళం మీద కొట్టేవారు. కొడుతూ ఒక్కో అంగుళం వెనక్కి జరిగేవారు. మేస్త్రమ్మ బెల్లం నీళ్లు చల్లుతూ ఏదో ఒక మాట ఎత్తుకునేది, వాళ్లు అందుకునేవారు.

"సిన్న సేటు సూస్తుండు."

"కొట్టు."

"సూసుడె తప్ప చెయ్యడు."

"కొట్టు."

"ఆయనత్త యాడున్నదో."

"కొట్టు, కొట్టు."

మొదటి పొర తొమ్మిది రోజులు కొట్టారు. చివరికి చెక్క వేస్తే రాయి మీద వేసినట్టు ఎగిరి వచ్చేది. మేస్త్రమ్మ అక్కడక్కడ బొటనవేలంత గుంట చేసి నీళ్లు పోసింది. నీళ్లు ఇంకలేదు. "ఇది అయింది," అంది.

అంతకు ముందు అమావాస్యకే నేను ఇంట్లో ఒక మాట ఇచ్చాను. వచ్చే అమావాస్యకు మిద్దె మీద భోజనాలు అని. ఆ మాట మీద బాపు బజార్లో నలుగురిని పిలిచాడు, అమ్మ తన అక్కచెల్లెళ్లను పిలిచింది, వదిన పుట్టింటివాళ్లు మెదక్ నుంచి బయలుదేరుతున్నారు. మొదటి పొర అయ్యేసరికి అమావాస్యకు ఐదు రోజులే ఉన్నాయి.

"రెండో పొర అమాస పోయినంకనె," అంది మేస్త్రమ్మ. "మొదలు పెడితె ఆపొద్దు. నడుమ అమాస పడ్తది, ఒక్క దినం చెక్క పక్కకు పెడితె సున్నం బిగుస్తది. బిగిసినంక ఎంత కొట్టినా లోపలికి దిగదు."

"ఐదు దినాలున్నయ్ గద. జల్దీ జల్దీ కొడితె కాదా?"

"ఐదు దినాలల్ల పెండ్లయితది సేటు. మిద్దె కాదు."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అప్పటికి నన్ను నేను ఆ ఇంటి మేస్త్రిననుకుంటున్నాను కదా. మర్నాడు వచ్చి, "బాపు చెప్పిండు. అమాసలోపల పొర పడాలె," అన్నాను. బాపును నేను అడగనే లేదు. అడిగితే ఆయన భోజనాలు కింద పెట్టుకుందాం అనేవాడు, ఆయన అలాంటివాడే.

మేస్త్రమ్మ నా మొహం వైపు చూసింది. "పెద్ద సేటు మాటంటున్నవు. ఆయన మాట మీద ఎక్కుతున్నం," అంది.

నాలుగు రోజులు కొట్టారు. పొద్దు పొడవక ముందు మొదలుపెట్టి చీకటి పడేదాకా. పాటలు లేవు. నాలుగో రోజు సాయంత్రం ఆమె గుంట చేసి నీళ్లు పోసింది. నేను చూస్తుండగానే నీళ్లు లోపలికి పోయాయి.

"సూసినవు గద," అంది. "ఆఖరి పూత నేను పెట్ట. నా చెయ్యి పడదు."

వాళ్లు చెక్కలు కడుక్కుని వెళ్లిపోయారు. మర్నాడు అమావాస్య. నేను రోడ్డు మీదికి పరుగెత్తి, బస్సెక్కి, బీరంగూడ దాటినాక పెద్ద సర్కారు ఫ్యాక్టరీ కడుతున్న చోటికి పోయాను. అక్కడ పని ముగించుకుని వస్తున్న ఒక సిమెంటు పనివాణ్ణి బతిమాలి తీసుకొచ్చాను. అతను కందిలి వెలుతురులో పైన పలచగా సిమెంటు పూసి నున్నగా రుద్దాడు.

మర్నాటి భోజనాలు గొప్పగా జరిగాయి. ఇప్పటికీ మావాళ్లు చెప్పుకుంటారు. ముప్పై మంది మిద్దె మీద విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు. పులిహోర, బచ్చాలు, గోలిచ్చిన చామగడ్డ. మెదక్ చుట్టాలు అటు ఫ్యాక్టరీ కడుతున్న వైపు దుమ్ము లేస్తుంటే చూసి ఏదో ఊరు కాలుతున్నదని భయపడ్డారు. బాపు సిమెంటు మెరుపు మీద అరచేయి రాసి, "అద్దం లెక్కున్నది," అని నలుగురికీ నన్ను చూపించాడు. తర్వాత పైకండువా పరుచుకుని అక్కడే పడుకున్నాడు. పట్టపగలు బాపు నిద్రపోవడం మేమెవరం అంతకుముందు చూడలేదు. అన్న అందరినీ నోరు మూయించి, నీడ కోసం దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి పెద్ద వానకు మధ్య గది ఉత్తరపు మూల కురిసింది. రెండో వానకు కిటికీ పక్కన. బాపు దుకాణంలో తక్కెడ ముందు కూర్చుని అడిగాడు: "మిద్దె ఎందుకు కురుస్తుందిరా?"

జవాబు నా నోట్లో తయారుగా ఉంది. "కొట్టుడు మొదలువెట్టి, అమాస వచ్చిందని నడుమిట్ల ఇడిసిపెట్టి పోయిండ్రు బాపు."

ఇందులో సగం నిజం. వాళ్లు అమావాస్యకు పోయారు, అది ఎవరిని అడిగినా చెప్తారు. ఆ సగమే బజారంతటినీ నమ్మించింది. అమావాస్యకు తక్కెడ దించని మా బజారు, అమావాస్యకు చెక్క దించిన వాళ్లను చూసి నవ్వింది. మేం మూసుకుంటే ఆచారం, వాళ్లు మూసుకుంటే సోమరితనం. ఈ తేడా నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఏడు బాపు, ఇంకో ఇద్దరు వ్యాపారులు కలిసి గంజు వెనక పెద్ద రాతి గోదాము కట్టించాలనుకున్నారు. మా ఇంటి గోడలు చూసి బాపు ఆ పని మేస్త్రమ్మ గుంపుకు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. వాళ్లందరికీ ఏడాది పని అది. ఆమె దాని గురించి అడగడానికి దుకాణానికి వచ్చింది. మెట్టు కింద నిలబడింది. నేను లోపల బెల్లం ముద్దల వెనక ఉన్నాను.

"ఆ పని వేరేటోళ్లకిచ్చినం," అన్నాడు బాపు. "నడుమిట్ల ఇడిసిపెట్టి పోయేటోళ్లతోని మాకు కుదరదమ్మా."

ఆమె బాపును చూడలేదు. బెల్లం ముద్దల మీదుగా నన్ను చూసింది.

"సిన్న సేటు చెప్పిండా?"

"వాడే చెప్పిండు."

"గట్లనా," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. బాపు మాట మీదే మిద్దె ఎక్కానని ఆమె ఒక్క మాట అని ఉంటే నా బతుకు అక్కడే బయటపడేది. ఎందుకు అనలేదో చాలా ఏళ్లు ఆలోచించాను.

ఆ తర్వాతి ఏళ్లలో ఆ ఇల్లు మా అందరినీ ఎంత సంతోషపెట్టిందో చెప్పకపోతే అదీ అబద్ధమే అవుతుంది. ప్రతి అమావాస్యకూ పోయేవాళ్లం. బావిలో ఈతలు, వదిన కిటికీలో కూర్చుని మధ్యాహ్నమంతా ఒలిచే పల్లికాయలు, బాపు నిద్ర. అమ్మ అక్కడ తుమ్మితే అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. వాన పడితే మధ్య గదిలో గిన్నెలు పెట్టడం ఒక ఆటైంది. ఇత్తడి గిన్నెలో చుక్క ఒకలా, సత్తు గిన్నెలో ఒకలా మోగేది. "మేస్త్రమ్మ వాయిస్తుంది," అనేవాడు అన్న. ఇల్లంతా నవ్వు. ఆ నవ్వులో నేనూ ఉండేవాణ్ణి, గిన్నెలు సర్దుతూ. బాపు పోయేదాకా అలాగే నడిచింది. ఆయనకు నేను నిజం చెప్పలేదు. ఇక చెప్పలేను.

డెబ్బైల మధ్యకు పటాన్‌చెరు వైపు ఒకదాని పక్కన ఒకటి ఫ్యాక్టరీలు లేచాయి. మా పొలం బాటకు కూడా లారీలు తిరిగే రోడ్డు పడింది. అన్నకు సిమెంటు పర్మిట్ దొరికింది. మధ్య గది పైకప్పు తీసేసి స్లాబు వేద్దామన్నాడు. పటాన్‌చెరులో షెడ్లు కట్టే ఒక ముసలి మేస్త్రిని తెచ్చాడు. అతను మిద్దె ఎక్కి, మూలన గడ్డపారతో కొట్టి, ఇంత ముక్క పెళ్లగించి, చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"సూడు సేటు," అన్నాడు అన్నతో. "పైన అప్పడమంత సిమెంటు. కింద నాలుగు వేళ్ల మందం, చేత్తోని నలిపితె రాలుతున్నది. నీళ్లు ఇందుల నిలిచి గోడ పొంటి దిగుతున్నయ్. దాని కింది పొర సూడు." గడ్డపార ఎత్తి వేశాడు. నిప్పురవ్వ లేచింది. "గిది కొట్టినోళ్లు మామూలు పనోళ్లు కాదు. పైపొర కొట్టంగ ఎవరో ఆపించిండ్రు."

"ఆపించుడేంది?" అన్నాడు అన్న. "వాళ్లే ఇడిసిపెట్టి పోయిండ్రు."

"ఇంత పని చేసినోళ్లు ఊరికె పోరు సేటు."

ఎండ నెత్తిమీద ఉంది. కింద వసారాలో వదిన ఎవరినో పిలుస్తున్నది. అన్న నా వైపు చూడను కూడా లేదు, మేస్త్రి చేతిలో ముక్క చూస్తున్నాడు. నేనే చెప్పాను. ఎవరూ అడగకుండానే నోట్లోంచి వచ్చింది. బాపు పేరు చెప్పి వాళ్లను ఎక్కించడం, సిమెంటు పూత, దుకాణంలో నేను చెప్పిన సగం నిజం, అంతా.

అన్న ఆ ముక్క తీసుకుని వేళ్లతో నలిపాడు. తర్వాత, "పద్నాలుగేండ్లు ఆమె పేరు మీద గిన్నెలు పెట్టినమారా?" అన్నాడు. ఆ మాటకు ముసలి మేస్త్రి నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అన్న స్కూటరు తాళంచెవి తీసి, "పా, కూసో," అన్నాడు.

ఆమె జిన్నారం దాటినాక ఒక క్వారీ దగ్గర దొరికింది. రోడ్డుకు కంకర కొడుతున్నది. జుట్టు తెల్లబడింది, చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఆమె భర్త పక్కనే రాయి మీద కూర్చుని ఉన్నాడు, ఒక కాలు వంకర తిరిగి. నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని చెప్పాను.

"నాకు తెల్వదా సేటు," అంది సుత్తి ఆపకుండా. "నాకెందుకు జెప్తున్నవు?"

"మరి ఎవరికి జెప్పాలె మేస్త్రమ్మా?"

"ఆ గోదాం పని ఉన్నదని గా యేడు మేం ఎక్కడికీ పోలే. పని పాయె. బజార్ల ఇంకెవరు పిలువలే. ఎండకాలం లేచి పూనా దిక్కు పోయినం. ఆడ్నే ఈన కాలు రాయి కింద పడ్డది." అప్పుడు సుత్తి కింద పెట్టింది. "మా మాట పోయింది గంజుల. గంజుల జెప్పు."

"గా దినమే మా బాపుకు ఎందుకు జెప్పలే?" అని అడిగాను.

"మీ బాపు నిన్ను నమ్మకుంట నన్ను నమ్ముతడా? అడిగి లేదనిపించుకునుడు ఎందుకని."

మూడో రోజు పొద్దున, హర్రాజు మొదలుకాక ముందు, గంజులో మిర్చి కుప్పల మధ్య నిలబడి చెప్పాను. అన్న నా పక్కన నిలబడ్డాడు. ఆమె కొంచెం దూరంలో, చెయ్యి నడుము మీద పెట్టుకుని. "మా మిద్దె చెడగొట్టింది వీళ్లు కాదు, నేను. బాపు చెప్పిండని వీళ్లకు అబద్ధం జెప్పిన. వీళ్లు ఇడిసిపెట్టి పోయిండ్రని బాపుకు అబద్ధం జెప్పిన." అంతే చెప్పగలిగాను, మిర్చి ఘాటుకు తుమ్ము వచ్చింది. వరసగా నాలుగు. చుట్టూ నిలబడ్డ జనం ఒక్కసారి నవ్వారు. ఒక ముసలి హమాలీ, "ఇది జెప్పనీకి ఇన్నేండ్లా సేటు? నీకు పని రాదని మేము ఎప్పుడో అనుకున్నం," అన్నాడు.

మేస్త్రమ్మ నవ్వలేదు. గోదాము కట్టించిన ముగ్గురిలో మిగిలిన ఒక్క వ్యాపారి అక్కడే గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ముందుకు పోయి, "ఇన్నవా సేటు?" అంది.

"ఇన్న," అన్నాడాయన. గద్దె మీద పక్కన చోటు చూపించి, "కూసో. చాయ తాగు," అన్నాడు. ఆమె కూర్చుంది. పూర్తిగా తాగాక లేచింది. గంజు వెనక గోదాము కనిపిస్తూనే ఉంది, ఎవరో కట్టింది. దాన్ని ఆమెకు తిరిగి ఇచ్చే దారి లేదు, ఆ ఏళ్లను, ఆయన కాలునూ కూడా.

స్లాబు అక్కర్లేదని ఆమే చెప్పింది. పైపొర తీసేసి మళ్లీ వేస్తే చాలు. ఆమె గుంపులో ఇప్పుడు ముగ్గురే మిగిలారు, కొందరు ఫ్యాక్టరీల్లో చేరారు, కొందరు పూనాలోనే ఉండిపోయారు. చెక్కలు ఎనిమిది కావాలి. "మీ ఇంట్ల చేతులు లేవా?" అంది. అమావాస్య వెళ్లిన మర్నాడు మొదలుపెట్టాం. అన్న దుకాణం కొడుక్కు అప్పజెప్పి వచ్చాడు. వదిన, నా భార్య, అన్న, నేను ఆ ముగ్గురి మధ్య వరసలో కూర్చున్నాం, ఎనిమిదో చెక్క మేస్త్రమ్మ పట్టుకుంది. అమ్మ కింద నుంచి బెల్లం నీళ్లు అందించేది. మొదటి రోజు వదిన తాళం ఒక్కతే సరిగ్గా పట్టింది. అన్న చెక్క తన వేలి మీదే వేసుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక ఒకర్ని చూసి ఒకరం నవ్వుకున్నాం.

మూడో రోజుకు ఆమె గొంతు ఎత్తింది.

"పెద్ద సేటు వేలు వాసింది."

"కొట్టు."

"సిన్న సేటు తుమ్ము మరిసిండు."

"కొట్టు."

ఐదో రోజు నా అరచేతులు పగిలాయి. గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. ఆమె నా పక్కనే ఉంది. నాకు ఇంకా ఆమె నోటి నుంచి ఒక మాట వినాలని ఉంది. క్వారీలో అనలేదు, గంజులో అనలేదు. చెక్క వేస్తూనే మెల్లగా అడిగాను.

"మేస్త్రమ్మా, నన్ను మాఫ్ చేసినవా?"

జవాబు కోసం ఆమె మొహం చూస్తూ ఉండిపోయాను. నా చెక్క గాల్లో ఆగింది. అటుపక్క వదిన దెబ్బ తప్పింది, దాని వెనక అన్నది, వరసంతా చెదిరింది.

"అది తర్వాత సూద్దాం," అంది మేస్త్రమ్మ, బెల్లం నీళ్లు నా ముందు చల్లుతూ. "ఇంక నాలుగు దినాల కొట్టుడున్నది. చెయ్యి ఆపకు."